దొడ్డవంకలో అడుగున్నర నీళ్లు

గుంతకల్లు ప్యాసింజరు కమలాక్షిని పెనుకొండ స్టేషన్‌లో దించి ధర్మవరం వైపు వెళ్లిపోయింది. ఆమె భుజాన ఉన్న సంచిలో మడతలు పెట్టిన కంప్యూటరు కాగితం, ఆ కాగితంలో ఒక అంకె. ఆ అంకె పట్టుకుని కన్నతండ్రి ముందు ఎలా నిలబడాలో తెలియక, స్టేషను బయట టీ అంగడి బెంచీ మీద ఆమె కూలబడిన చోట కిందటి వారం కథ ఆగింది.

టీ చల్లారిపోయింది. ఆమె తాగలేదు. నిన్నటి నుంచి మబ్బు పట్టి ఉంది, వాన మాత్రం లేదు. పొద్దు ఎక్కడుందో తెలియని ఆ బూడిదరంగు వెలుతురులో పెనుకొండ కొండ ఎప్పటికంటే దగ్గరగా, బరువుగా కనిపిస్తోంది. లేచి నడిచింది.

మూడేళ్ల కింద, ఎనభై రెండులో, దొడ్డవంక ప్రాజెక్టు లెక్క ఆమె చేతికి వచ్చింది. పెద్ద వాన పడితే వాగులా పారే ఆ వంకలోకి ఎంత నీరు, ఎంతసేపట్లో దిగుతుందో తేలితేగాని కట్ట ఎంత ఎత్తు లేపాలో, మిగులు నీళ్లు పోయే మరవ ఎంత వెడల్పు పెట్టాలో తేలదు. పదకొండు ఊళ్ల ముప్పై ఏళ్ల వాన లెక్కలు. చేత్తో వేస్తే నలుగురు ఇంజనీర్లకు రెండేళ్లు పట్టే పని. బెంగుళూరులో ఆమె పనిచేసే పరిశోధన సంస్థలో, ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని కూర్చోవలసిన చల్లటి హాలు నిండా ఉన్న కంప్యూటరు, ఆ పనిని నలభై నిమిషాల్లో చేసింది. ప్రోగ్రాం రాసింది కమలాక్షి. ఆ పదకొండు ఊళ్లలో ఒకటి ఆమె పుట్టిన సుద్దకుంట. అక్కడి వాన లెక్క రాసింది ఆమె నాయన తిప్పేస్వామి, ఆ ఊరి ప్రయాణికుల బంగళా వాచ్‌మన్. "మిగతా పది ఊళ్లూ ఒకెత్తు, సుద్దకుంట ఒకెత్తు. పక్క ఊళ్ల లెక్కతో ఎంత చక్కగా సరిపోతుందో చూడు!" అన్నాడు ఆమె పై అధికారి ఈశ్వరప్ప. ఆ రోజు కమలాక్షి హాస్టలుకు నడిచి వెళ్లలేదు, తేలిపోతూ వెళ్లింది.

పోయిన శుక్రవారం సాయంత్రం కంప్యూటరు మీద ఆమెకు ఇచ్చిన సమయంలో పది నిమిషాలు మిగిలాయి. ఎందుకో పాత ప్రోగ్రాం తీసి, అరవై ఆరు అక్టోబరులో అమ్మ పోయిన తేదీ వేసింది. నిండు నెలలతో పెనుకొండ ఆస్పత్రికి బయలుదేరిన అమ్మ బండి, దొడ్డవంక వరదలో కొట్టుకుపోయింది. అప్పటికి తనకు ఎనిమిదేళ్లు, పెనుకొండలో అవ్వ దగ్గర ఉంది. ఆ సాయంత్రం వంకలో ఏ వేళకు ఎన్ని నీళ్లున్నాయో తెలుసుకోవాలనిపించింది, అంతే. బండ్లు దాటే దారి దగ్గర వంకలో ఎక్కువలో ఎక్కువ నీటి లోతు అడుగున్నర అని కంప్యూటరు చెప్పింది. మళ్లీ అడిగింది. మూడోసారి అడిగింది. అడుగున్నర.

అడుగున్నర నీళ్లలో ఎద్దుల బండి కొట్టుకుపోదు.

*

తిప్పేస్వామి పెనుకొండలో అవ్వ ఇంటి వసారాలో కూర్చుని చాటలో ఉలవలు ఏరుతున్నాడు. పని నుంచి దిగిన ఈ ఐదేళ్లలో మనిషి సగమయ్యాడు. కూతుర్ని చూసి చాట పక్కన పెట్టి లేవబోయాడు.

"ఏం మ్మా, జాబు గూడ రాయకుండా వచ్చేస్తివి? ఒళ్లు బాగుండ్లేదా?"

"బాగనే ఉండాను నాయనా. నువ్వు కూచో."

"సంగటి ఉండాది. ఇంత పప్పు ఎనిపి పెడతా, తిను."

"మళ్ల తింటా. నిన్నొకటి అడగాలని వచ్చినా."

ఆమె కాగితం తీసి అరుగు మీద పరిచింది. అది పరుచుకుంటూ గోడదాకా పోయింది. తిప్పేస్వామి అద్దాలు పెట్టుకుని వంగాడు. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. బారులు తీరిన ఆ అంకెల్ని చూసి అతని మొహం ఒక్క క్షణం వెలిగింది.

"ఇదంతా నువ్వే రాసినావా?"

"మిషను రాసింది. నీ అంకెలు, ఇంకా పదూళ్లోళ్ల అంకెలు దానికిచ్చినాం. నువ్వు రాసిన అంకె ఇదో, ఈడ ఉండాది."

అతని వేలు ఆ గడి మీద ఆగింది. రెండంగుళాల నలభై సెంట్లు, అంగుళంలో నూరోవంతు ఒక సెంటు. పక్కనున్న తేదీ చూశాడు. వేలు తీసేశాడు.

"నాయనా, అమ్మ పోయిన దినం సుద్దకుంటలో ఎంత వాన పడింది?"

"ఈడ ఉండాది గదమ్మా."

"ఈడుండేది నాకూ కనపడతాండాది. పడింది ఎంత?"

తిప్పేస్వామి చాట మళ్లీ ముందుకు లాక్కున్నాడు. ఉలవల్లో రాళ్లు వెతుకుతున్నట్టు వేళ్లు ఆడించాడు గానీ ఒక్క రాయి కూడా తీయలేదు.

"ఇరవై ఏండ్ల నాటి మాట. ఎవురికి గ్యాపకం ఉంటాది?"

"నీకుంటాది."

"మిషను తప్పు చెప్తాండాదేమో. దొడ్డవంక సంగతి బెంగుళూర్లో ఉండే మిషనుకేం తెలుసు?"

"మూడు తూర్లు అడిగినా. మనమిచ్చిన అంకెలోంచే అది చెప్తాది నాయనా, సొంతంగా ఏం చెప్పదు. నువ్వు రాసిన వానకు వంకలో అడుగున్నర నీళ్లే వస్తాయంట. మోకాలు గూడ మునగదు." ఆమె కాగితం మీద ఆ అంకెను వేలితో చూపించింది. "అడుగున్నర నీళ్లలో మా అమ్మ ఎట్ల పోయింది?"

అతను ఉలవలు కెలుకుతూనే ఉన్నాడు.

"హిందూపురం దాటినంక రైల్లో నాకు రాకూడని ఆలోచనలు వచ్చినాయి నాయనా. చెప్పమంటావా? అమ్మ వంకలో పోలేదేమో అనుకున్యా. ఇంకేమో జరిగింటాది, నువ్వు దాచినావేమో అనుకున్యా."

తిప్పేస్వామి తల ఎత్తాడు. కూతురు ఏమనుకుందో అర్థమయ్యేసరికి అతని చేతుల్లో చాట వాలి ఉలవలు కాగితం మీదుగా జారిపోయాయి. వాటిని ఎత్తాలని ఇద్దరికీ తోచలేదు.

"అంత మాట అనుకున్యావా తల్లీ!" అన్నాడు. ఖాళీ చాటను గోడకు ఆనించి మళ్లీ అన్నాడు, "అనుకో. అనుకున్యా తప్పులేదు. చంపింది నేనే."

*

ఆ తర్వాత అతను జరిగిందంతా ఆగి ఆగి, మధ్యలో నీళ్లు తాగి, ఒకసారి లేచి వాకిట్లోకి పోయి వచ్చి చెప్పాడు.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు వాన పట్టుకుంది. ఆకాశానికి చిల్లు పడినట్టు కురిసింది. బంగళా ఆవరణలో కంచె లోపల ఉన్న వాన కొలిచే డబ్బాలో ఒక సీసా ఉంటుంది. మామూలుగా దాన్ని పొద్దున ఎనిమిదిన్నరకు ఒక్కసారే తీసి కొలగ్లాసులో పోసి చూస్తారు. పెద్ద వానొస్తే మాత్రం సీసా పొర్లక ముందే తీసి కొలిచి, అంకె రాసి పెట్టుకుని, మళ్లీ పెట్టాలి. తిప్పేస్వామి గోనెసంచి తలమీద కప్పుకుని నాలుగు గంటలకు మొదటి సీసా తీశాడు. అంత వాన అతను పుట్టి ఎరగడు. ఒళ్లు పులకరించింది.

"ఐదింటికి మీ అమ్మకు నొప్పులెత్తుకున్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని నరసక్క చెప్పింది. ఆస్పత్రికి తోలకపోమనింది. ఆరింటికల్లా బండి కట్టినారు. మనూరి బుడన్‌సాబ్ అప్పుడే వంక దాటి వచ్చినాడు. 'ఇప్పుడు మోకాటి లోతే ఉండాది, పోతే ఇప్పుడే పో తిప్పన్నా' అన్యాడు. మీ అమ్మ బండెక్కింది. నాగక్క... మీ అమ్మ ఏమనింది తెలుసునా? 'రాండి' అనింది. ఒక్క మాటే. నేను..." అతను ఆగాడు. "నేను సీసా చూసి వస్తానంటి. మూడో సీసా. ముప్పాతిక నిండింది. నేను ఊరిడిసి పోతే అది పొర్లిపోతాది. అంత వాన, జన్మలో ఒక్క తూరి చూసే వాన, లెక్క లేకుండా పోతాదని... నిండనీ, కొలిచి పోదామని ఆడనే నిలబడితి."

"ఎంతసేపు?"

"గంట. గంటకు కొంచెం ఎక్కువే. బండిలోంచి ఆమె అరుస్తానే ఉండాది. వాన చప్పుడులో వినపడలేదని చెప్పుకుంటి, ఊర్లో అందరికీ. నాకు వినపడింది కమలా."

ఏడు దాటాక బయలుదేరారు. వంక దగ్గరికి వచ్చేసరికి నీళ్లు బండి చక్రం మీదికి వచ్చాయి. వెనక్కి పోతే తెల్లవారేదాకా ఆగాలి, ఆమె ఆగే స్థితిలో లేదు. బండితోనే నీళ్లలోకి దిగారు. నడివంకలో ఎద్దులు తేలాయి. అతను తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడాడు. మిగిలిన సంగతి కమలాక్షికి తెలుసు. మూడో రోజు అమ్మ ఐదు మైళ్ల దిగువన దొరికింది.

"ఆరింటికి పోయింటే దాటింటాం" అన్నాడు తిప్పేస్వామి. ఆ మాటను అతను పంతొమ్మిదేళ్లుగా తనలో తాను అనుకుంటూ వచ్చాడని, వేరే మనిషికి చెప్పడం ఇదే మొదటిసారని ఆ గొంతు చెప్పింది.

కమలాక్షికి ఏడుపు రాలేదు. ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టు, ఆ చోట చల్లగాలి తోలినట్టు ఉంది. తండ్రి మీద కోపం రావాలి. ఆ కోపం కోసం లోపల వెతుక్కుంది. ఆమెకు దొరికింది మాత్రం బెంగుళూరు హాలు. హాస్టల్లో పక్కగది అమ్మాయి జ్వరంతో పడి ఉంటే, కంప్యూటరు వంతు పోతుందని ఆమెను వదిలి పరుగెత్తిన ఒక పొద్దు గుర్తొచ్చి తల దించుకుంది.

"మూడు సీసాలూ కలిపి ఎంత నాయనా?"

అతను వెంటనే చెప్పాడు. "పదకొండు అంగుళాల అరవై రెండు సెంట్లు. అదీ నేను ఆడ ఉన్యంత వరకు. ఇంకా పడతానే ఉన్యాది."

"మరి పుస్తకంలో రెండు నలభై యాడనుంచి వచ్చింది?"

"ఆమెను పూడ్చిన ఐదో దినం పుస్తకం ముందేసుకుంటి. పదకొండని రాసేకి చేయి రాలేదు. ఆ అంకె కోసమేగదా ఆమెను చంపుకున్యా. దాన్ని నా చేత్తో రాసి, దానికి నేను సంతకం పెట్టాల్నా? బుడన్‌సాబ్‌ను అడిగితి. అతను హిందూపురం, ధర్మవరం మధ్య బస్సు కండక్టరు గదా. ఆ దినం హిందూపురంలో రెండు పది, ధర్మవరంలో రెండు డెబ్బై అని కనుక్కొని వచ్చినాడు. రెంటికీ నడాన ఉండే అంకె ఏసినా."

కమలాక్షి మెల్లగా కాగితం మీదికి చూసింది. రెండు పది, రెండు డెబ్బై. సరిగ్గా మధ్యన రెండు నలభై. వాన అలా మధ్యకు కొలిచి పడదు.

"ఆ ఒక్క దినమే గదా నాయనా?"

తిప్పేస్వామి కాగితం మీద పడిన ఉలవలు ఒక్కొక్కటే ఏరసాగాడు.

"నాయనా. అమ్మ పోయినంక నువ్వు దినామూ ఎనిమిదిన్నరకు కంచె లోపలికి పోయేవాడివి. నేను గూడ వస్తానంటే ముండ్లుంటాయి, గేటు కాడనే ఉండమనేవాడివి. నేను నీ ఈపు చూస్తా నిలబడేదాన్ని. నువ్వు కొలుస్తాండావనే అనుకుంటి."

"నిలబడి వచ్చేవాడిని మ్మా. ఆ డబ్బా మూత మళ్ల తీయలేదు. చేయి పెడితే ఆమె అరుపు వినపడేది. పద్నాలుగేండ్లు. పని మానుకుంటే నీకు కూడు యాడిది? నెలాఖరుకు బుడన్‌సాబ్ హిందూపురం అంకెలు, ధర్మవరం అంకెలు చీటీలో రాసుకుని వచ్చేవాడు. నేను నడాన ఉండేది రాసి పంపేవాడిని. ఎవురూ అడగలా. ఒక్కరు గూడ."

పక్క ఊళ్లతో ఎంత చక్కగా సరిపోతుందో చూడు! ఈశ్వరప్ప నవ్వు ఆమె చెవుల్లో మోగింది. ఒక్కో ఊరి లెక్క ఎంత నమ్మదగిందో తేల్చడానికి ఆమే ఒక పరీక్ష రాసింది. పక్క ఊళ్లకు దగ్గరగా ఉన్న లెక్కకు కంప్యూటరు ఎక్కువ విలువ ఇస్తుంది. పదకొండు ఊళ్లలోనూ పూర్తిగా అబద్ధమైన ఒక్క లెక్కను పట్టుకుని, కోట్ల గుణకారాలు చేసి, ఇదే అన్నిటికన్నా నిజమని అది చెప్పింది. ఆ చెప్పడం నేర్పింది తను.

"వాన లెక్క ఎవురికి పనికొస్తాదిలే అనుకున్యా" అంటున్నాడు తిప్పేస్వామి. "బీరువాలో పడి చెదలు తింటాది అనుకున్యా. దాన్ని ఒక మిషను కూచోని చదువుతాదని, ఆ మిషను ముందర నా బిడ్డే కూచోనుంటాదని నాకేం తెలుసు తల్లీ?"

ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చి లేచి నిలబడింది. ప్రాజెక్టు లెక్క చివర్లో, ఊరికే చూద్దామని, ఎనిమిదంగుళాల వాన పడితే ఏమవుతుందో కంప్యూటరుకు ఇచ్చి చూశారు. నీళ్లు కట్ట అంచుకు ఒక అడుగు కిందిదాకా వచ్చాయి. 'ఈ సీమలో ఎనిమిదంగుళాలు ఎక్కడ పడతాయి, వదిలెయ్' అని ఈశ్వరప్ప నవ్వేశాడు. ఆ లెక్క మీదనే కట్ట కట్టేశారు. ఎనిమిదికే అంచు. పదకొండు అరవై రెండుకు కంప్యూటరు అక్కరలేదు. మట్టికట్ట మీదుగా నీళ్లు దూకితే ఆ కట్ట ఎంతసేపు నిలుస్తుందో ఆ సీమలో పుట్టిన గొర్రెలకాపరి కూడా చెబుతాడు.

"నాయనా, ఇప్పుడు నాతో చెప్పింది కాగితం మీద రాసిస్తావా? సంతకం పెడతావా?"

"అది రాస్తే, పద్నాలుగేండ్లు నేను తిన్న జీతం దొంగజీతమని నా చేత్తో రాసినట్లే గదా?"

"అవును."

అతను కూతురి మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"రాసుకో. నేను చెప్తా. నా పేరు మొదట్లోనే పెట్టు."

*

ఆమె రాస్తుండగానే వీధిలో జీపు ఆగింది. దిగినవాడు ఖాదర్‌వలి. సుద్దకుంటవాడే, ప్రాజెక్టు ఆఫీసు జీపు నడుపుతాడు. చిన్నప్పుడు కమలాక్షితో కలిసి బంగళా గోడలు ఎక్కినవాడు.

"కమలక్కా! ఈడుండావా? ఈశ్వరప్ప సారు బెంగుళూరు నుంచి ఫోను చేసినాడు. నువ్వు ఊరికొచ్చినావంట, ఇది ఇచ్చి పిల్చుకుని రమ్మన్యాడు." చేతిలో పెద్ద కవరు పెట్టాడు. "బాగుండావా మామా?"

కవరులో అచ్చు వేసిన పుస్తకం ఉంది. దొడ్డవంక ప్రాజెక్టు వరద లెక్కల నివేదిక. మొదటి పుట తిప్పింది. 'సుద్దకుంట వాన లెక్కలను అసలు పుస్తకంతో స్వయంగా సరిచూశాను. తప్పులు లేవు.' కింద సంతకం.

సంతకం ఆమెదే.

ఎనభై రెండు, జూన్. ఈశ్వరప్ప ఆ కాగితం ముందుకు తోసి అడిగాడు, 'అసలు పుస్తకం తెప్పించి చూశావా?' ఆమె నవ్వింది. 'అది మా నాయన రాసింది సార్' అంది. ఆ పుస్తకం మొహం కూడా చూడకుండా సంతకం పెట్టింది.

తిప్పేస్వామి ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. ఇంగ్లీషు అర్థం కాలేదు గానీ కూతురి సంతకం గుర్తుపట్టాడు.

"పిల్చుకుని రమ్మనింది దేనికి ఖాదరూ?" అంది కమలాక్షి.

"అదేందక్కా, నీకు తెలీదా? పొద్దున తూము గేట్లు దించేసినారు. నీళ్లు నిలబెడ్తాండారు. వచ్చే నెల అనుకునింది, సముద్రంలో వాయుగుండం పట్టిందని రేడియాలో చెప్పిరి గదా, పడే వాన ఒక్క చుక్క గూడ పోనీకూడదని ఇప్పుడే దించమన్యారు. ఆడ పండగలా ఉండాది. లెక్కేసిన బిడ్డ మనూరి బిడ్డే, ఆమె చేత పూలేయించల్లని అందరూ ఎదురు చూస్తాండారు."

కమలాక్షి అరుగు మీద రాస్తున్న కాగితం తీసి మడిచింది. బెంగుళూరు వెళ్లి మళ్లీ లెక్క వేయించి, ఈశ్వరప్ప ముందు పెట్టాలంటే కంప్యూటరు మీద వంతు శుక్రవారం గానీ రాదు. ఇవాళ మంగళవారం.

"ఖాదరూ, కట్ట కింద ఇప్పుడు ఎన్ని ఇండ్లుండాయి?"

"కొత్త కాలనీలోనా? నూటా పది. మన పాత సుద్దకుంట మునిగిపోతాదని అందర్నీ ఆడికే దించినారు గదా. మేము గూడ పోయిన నెల్లోనే దిగితిమి." అతను మొహం నిండా నవ్వాడు. "మొదటి వరస మాదే, కట్టకు ఆనుకొనే. నా పెండ్లాం మస్తాన్‌బీకి నిన్ననే కాన్పు అయింది అక్కా, ఆడబిడ్డ. ఇంకా మంచం దిగలేదు. ఏమక్కా, అట్ల అడుగుతాండావు?"